పద్దెనిమిది వేల నూటపదహారు మంది

బాలశౌరి రోజూ పొద్దున పదింటికి ఒక అబద్ధం చెప్పేవాడు. ఒక్కటే. ఆ తరవాత మర్నాడు పదింటిదాకా అంతటి నిజాయితీపరుడు కంకిపాడు మొత్తం గాలించినా దొరకడు. బస్సు రద్దీలో కండక్టరు మరిచిపోతే వెంటపడి టికెట్టు కొట్టించుకునే మనిషి. కూరగాయలమ్మాయి పొరపాటున ఒక వంకాయ ఎక్కువ వేస్తే తీసి మళ్ళీ బుట్టలో పెట్టే మనిషి. ఇంటికొచ్చాక ఆ వంకాయ సంగతి భార్య మణెమ్మకి చెప్పి తిట్లు కూడా తినేవాడు. అలాంటివాడు తొమ్మిదేళ్ళపాటు, పండగనక పబ్బమనక, ఒక్కరోజు నాగా లేకుండా అబద్ధం ఆడాడంటే నమ్మడం కష్టమే. కానీ ఆడాడు.

ఆ అబద్ధం ఒక అంకె. వెంకటకృష్ణారావుగారి వెబ్‌సైట్‌ని నిన్న ఎంతమంది చూశారు అన్న అంకె.

రావుగారికి కంకిపాడులో రైసుమిల్లు, పటమటలో ఫంక్షన్ హాలు ఉన్నాయి. ఒకప్పుడు పటమటలోనే ప్రింటింగ్ ప్రెస్సు కూడా ఉండేది. అందులో బాలశౌరి డీటీపీ ఆపరేటరు. పెళ్ళి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలప్పుడు కరపత్రాలు కంపోజు చేస్తూ పద్దెనిమిదేళ్ళు గడిపాడు. 2014లో ప్రెస్సు మూతబడింది. అదే ఏడు రాజధాని ఈ చుట్టుపక్కలకే వస్తుందని తెలిసి, బెజవాడలో చేతిలో నాలుగు డబ్బులున్న ప్రతివాడూ ఏదో ఒకటి మొదలుపెట్టాడు. కొందరు స్థలాలు కొన్నారు, కొందరు హోటళ్ళు కట్టారు. రావుగారు వెబ్‌సైట్ పెట్టారు.

“నువ్వు కంప్యూటర్ ముందు కూర్చునేవాడివేగదోయ్, ఇదీ చూసుకో” అన్నారు బాలశౌరితో. అలా బాలశౌరి ‘కాలవగట్టు డాట్ కామ్’కి సర్వాధికారి అయ్యాడు. ఆయన కింద ఎవరూ లేరు కాబట్టి సేవకుడు కూడా ఆయనే.

కాలవగట్టులో ఏముంటుందంటే, ఏ కాలవకి ఎప్పుడు నీళ్ళు వదులుతారో ఉంటుంది. ఎవరింట పెళ్ళయిందో, ఎవరు పోయారో ఉంటుంది. వీటన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, రావుగారు ఎవరికి శాలువా కప్పారో ఉంటుంది. ఎవరికీ కప్పని వారంలో రావుగారికి ఎవరు కప్పారో ఉంటుంది. రెండూ లేని వారం బాలశౌరికి గడ్డుగా గడిచేది. అందుకే నెలకోసారి వార్తల కోసం బస్సెక్కి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళొచ్చేవాడు.

సైట్‌కి ఎంతమంది వచ్చారో చెప్పే ఒక సాధనం ఉంటుంది. అమెరికాలో ఎవరో తయారు చేసింది, ఉచితం. సైట్ మొదలైన రోజున అది రెండువందల పన్నెండు చూపించింది. చుట్టపక్కాలందరూ మొహమాటానికి తలా ఒకసారి తెరిచారు మరి. రావుగారు ఆ అంకెని ‘ఆత్మీయులు’ అనే వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని మురిసిపోయారు. రెండోరోజు అరవైనాలుగు. బాలశౌరి ఉన్నదున్నట్టు పంపాడు.

రావుగారు ఆ రోజు భోజనం సగంలో లేచిపోయారట. సాయంత్రం ఫోన్ చేసి, “అరవైనాలుగేంటోయ్! పెళ్ళికెళ్తే చదివింపులే నూటపదహార్లు చదివిస్తాం కదా మనం. అంకెన్నాక దానికో మర్యాద ఉండాలి” అన్నారు. కోప్పడలేదు. బతిమాలుతున్నట్టు అన్నారు. అదే బాలశౌరి కొంప ముంచింది. కోప్పడి ఉంటే ఆయన నిజం మీదే నిలబడేవాడేమో.

మూడోరోజు డెబ్భై ఒక్కమంది వచ్చారు. బాలశౌరి నూటపదహారు అని పంపాడు. నలభై అయిదు మంది తేడా పెద్ద పాపంగా తోచలేదు. పెళ్ళిలో ఎవరైనా ఆకులు లెక్కపెడతారా అనుకున్నాడు. గ్రూపు నిండా దణ్ణాలొచ్చాయి. రావుగారు ఫోన్ చేసి “చూశావా, శుభమైన అంకె పడింది!” అన్నారు, తనే తెప్పించినట్టు. ఇక ఆ తరవాత అంకెకి వెనకడుగు లేదు. ఉగాదికి అయిదువందల పదహారు అయింది. పుష్కరాలనాటికి అయిదువేల నూటపదహారు. ఎవరింట్లో మాత్రం పెరిగిన పిల్లాడు మళ్ళీ పొట్టివాడవుతాడు? అలా పెరిగి పెరిగి 2023 నాటికి పద్దెనిమిది వేల నూటపదహారు దగ్గర నిలిచింది. అంతకన్నా పెంచడానికి బాలశౌరికి ధైర్యం చాల్లేదు. రావుగారి విజిటింగ్ కార్డు మీదా, ఫంక్షన్ హాలు బోర్డు మీదా ఆ అంకె ఎక్కింది. దాంతో ఎవరికీ ఒక్క పైసా నష్టం లేదు. రావుగారు ప్రకటనలు తీసుకునేవారు కాదు, పరువు తక్కువని. ఆ అంకె మీద బతికింది ఆయన ముచ్చట ఒక్కటే.

నష్టమల్లా బాలశౌరికే. ఆయనది రోమన్ కాథలిక్కు కుటుంబం. చేసిన పాపం చర్చి గురువు దగ్గర ఒప్పుకుని, ఇక చెయ్యనని మాట ఇచ్చాకే పూజలో సత్ప్రసాదం, అంటే గురువు నాలుక మీద పెట్టే అప్పం, తీసుకోవాలని చిన్నప్పుడు నేర్పించారు. చాలామంది నేర్చుకుని మరిచిపోతారు. బాలశౌరి మరిచిపోలేదు, అదే ఆయన ఖర్మ. ఒప్పుకోవడం ఆయనకి కష్టం కాదు. ఇక చెయ్యనని మాట ఇవ్వడమే కష్టం. శనివారం సాయంత్రం మాట ఇస్తే ఆదివారం పదింటికి తప్పాలి. దేవుడికి ఇచ్చిన మాట తప్పడం కన్నా అసలు ఇవ్వకపోవడమే మర్యాద అనుకున్నాడు. అందుకని తొమ్మిదేళ్ళుగా, గుడంతా వరస కట్టి సత్ప్రసాదానికి లేచి వెళుతుంటే, ఆయన ఒక్కడూ బెంచీ మీద మోకాళ్ళు చూసుకుంటూ కూర్చునేవాడు.

అంతటితో పోలేదు. ఆదివారం పూజ తొమ్మిదిన్నరకి. సరిగ్గా ప్రసంగం మధ్యలో పది కొడుతుంది. బాలశౌరి మెల్లిగా లేచి బయటికొచ్చి, సైకిళ్ళ పక్కన నిలబడి, ఫోన్‌లో ఏదో టైపు చేసి, గుండెలమీద చెయ్యేసుకుని నిట్టూర్చి, మళ్ళీ లోపలికి వెళ్ళేవాడు. ఇది ఆడవాళ్ళ వైపు కిటికీలోంచి చక్కగా కనిపించేది.

ప్రసంగం వదిలేసి ఫోన్ పట్టుకునే మగవాడు, సత్ప్రసాదం తీసుకోని మగవాడు, నెలకోసారి హనుమాన్ జంక్షన్ వెళ్ళే మగవాడు! వీధికి ఇంకేం కావాలి? హనుమాన్ జంక్షన్‌లో బాలశౌరికి రెండో ఇల్లుందని కంకిపాడు చర్చి వీధి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆవిడ టైలరింగ్ చేస్తుందని కూడా కొందరికి తెలుసు. ఇవన్నీ బాలశౌరికి తప్ప అందరికీ చేరాయి. మణెమ్మకైతే రోజూ చేరేవి.

మణెమ్మ నోరున్న మనిషే. వంకాయ మీద గంటసేపు తిట్టగలదు. కానీ ఈ విషయం మాత్రం పైకి అనలేదు. అడిగితే ఆయన ఔననేస్తాడేమోనని భయం. ఆయన అబద్ధం చెప్పలేడని ఆవిడకి గట్టి నమ్మకం మరి.

2023 జూన్‌లో ఆవిడకి ఓపిక నశించింది. జూలై తొమ్మిదో తారీఖు ఆదివారం వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు. ఆ రోజు పూజలో దంపతులిద్దరూ అందరికన్నా ముందు వెళ్ళి సత్ప్రసాదం తీసుకోవడం ఆనవాయితీ.

“ఏవండీ, ఆ రోజు మీరు లేచి నా పక్కన నడవాలి” అంది అన్నం వడ్డిస్తూ.

“చూద్దాంలే.”

“చూసేదేం లేదు. ఆ రోజు కూడా మీరు కూర్చుండిపోతే, నలుగురూ అనేది నిజమేనని నేనూ అనుకుంటాను. ఆ తరవాత మీ దారి మీది, నా దారి నాది.”

“నలుగురూ ఏమంటున్నారు?” అన్నాడు బాలశౌరి అమాయకంగా.

మణెమ్మ గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. వీధికి తన అంకె సంగతి తెలిసిపోయిందేమోనని బాలశౌరి ఉలిక్కిపడ్డాడు; సైట్ మొహం చూడని వీధికి ఎలా తెలుస్తుందిలే అని తనే సర్దిచెప్పుకున్నాడు.

సరిగ్గా అదే వారంలో అమెరికా నుంచి కబురొచ్చింది. పాత లెక్కల సాధనం జూన్ నెలాఖరుతో ఆగిపోతుంది, అందరూ కొత్తదానికి మారాలి అని. ఆ ఉత్తరం ఏడాదిపైగా వస్తూనే ఉంది. బాలశౌరే చూడనట్టు ఊరుకున్నాడు. ఈసారి రావుగారి కోడలు సింధూరి కంట్లో పడింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటినుంచే పని, కొత్తగా పటమట కాపురానికి వచ్చింది. మామగారికి ఏదైనా సాయం చేద్దామన్న ఉత్సాహం ఇంకా చల్లారలేదు.

“నేను మార్పిస్తాను మామయ్యగారూ. ఎంతమంది చూస్తున్నారో ఇకనించి మీ ఫోన్‌లోనే ఎప్పటికప్పుడు కనిపిస్తుంది” అంది.

రావుగారికి మొదట వచ్చిన సందేహం ముహూర్తం. అప్పుడు ఆషాఢం. అది వెళ్ళగానే ఆ ఏడు అధిక శ్రావణం. ఆగస్టు సగం దాకా మంచిరోజన్నది లేదు. అమెరికావాళ్ళకి ఉత్తరం రాసి రెండు నెలలు ఆగమంటే ఆగరా అని ఆయన నిజంగానే అడిగారు. సింధూరి నవ్వు ఆపుకోడానికి నీళ్ళు తాగింది. చివరికి పురోహితుడు వచ్చి, ఇది గృహప్రవేశం కిందకి రాదు, ఉన్న ఇంట్లో మీటరు మార్చుకోవడం కిందకి వస్తుంది, దోషం లేదు అని తేల్చాడు. కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, కొబ్బరికాయ మాత్రం కొట్టమన్నాడు.

రెండో సందేహం ఇంకా పెద్దది. “పాతదాంట్లో ఉన్న లెక్కంతా కొత్తదాంట్లోకి వస్తుందామ్మా?”

“రాదండి. ఇది సున్నా నుంచే మొదలవుతుంది.”

“అయితే తొమ్మిదేళ్ళనించి వచ్చినవాళ్ళంతా ఏమైపోతారు?” అన్నారు రావుగారు గాభరాగా. వాళ్ళేమీ అవరని, ఎవరిళ్ళలో వాళ్ళుంటారని కోడలు నచ్చజెప్పింది. వాళ్ళసలు లేరన్న సంగతి గుమ్మం దగ్గర నిలబడ్డ బాలశౌరికి ఒక్కడికే తెలుసు.

పాతదీ కొత్తదీ రెండువారాలు పక్కపక్కన నడిపి, పోల్చి చూసి, అప్పుడు పాతది తీసేయాలన్నది సింధూరి పద్ధతి. కొత్త సాధనం తాలూకు నాలుగు వరుసల కోడ్ సైట్‌లో పెట్టే పని బాలశౌరి మీదే పడింది. తన మెడకి తాడు తనే పేనుకుంటున్నట్టు, ఒక్క చుక్క కూడా తప్పు లేకుండా పెట్టాడు. పని చెడగొట్టి తప్పించుకోవచ్చన్న ఆలోచన ఆయనకి రాలేదు. పని విషయంలో నిజాయితీపరుడని ముందే చెప్పాను.

పాత సాధనం గుమ్మం తొక్కిన ప్రతిసారీ ఒకటి వేసుకునేది. ఒకే మనిషి పదిసార్లు తొక్కితే పది. కొత్తది అలా కాదు. వచ్చినవాడు ఎవడు, నిన్న వచ్చినవాడేనా, లోపలికొచ్చి కూర్చున్నాడా, చెప్పులైనా విప్పకుండా వెళ్ళిపోయాడా అని కనిపెడుతుంది. ఆడపడుచులా అన్నమాట. మొదటివారం చివర అది చూపించిన అంకె, రోజుకి యాభై ఎనిమిది.

“ఇందులో మన ఆఫీసువాళ్ళని తీసేయాలండి” అంది సింధూరి. మిల్లులోనూ హాల్లోనూ పనిచేసేవాళ్ళు పొద్దున్నే సైట్ తెరిచి చూపిస్తేగానీ హాజరు వేయకూడదని రావుగారు ఎప్పుడో పెట్టిన రూలు ఉంది. వాళ్ళు పదిహేడుమంది. తీసేస్తే నలభై ఒకటి. ఆ నలభై ఒక్కరూ సగటున సైట్‌లో ఉంటున్నది పదకొండు సెకన్లు.

సింధూరి తన కంప్యూటర్ మూసి, గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

“అంకుల్, మామయ్యగారు రోజూ గ్రూపులో పెట్టే పద్దెనిమిది వేలు ఎక్కడివి?”

బాలశౌరి అబద్ధం చెప్పడానికి అప్పుడు టైము మధ్యాహ్నం మూడు. ఆయన అబద్ధాలు పదింటివి మాత్రమే. “నేను పంపినవేనమ్మా” అన్నాడు.

“అంటే?”

“అంటే... నేను పంపినవే.”

ఆ పిల్ల లేచి తలుపు దగ్గరికి వేసొచ్చింది. తరవాత, “ఈ మాట నేను చెప్పలేనండి. నేను కోడల్ని. నా నోటినించి వస్తే, కోడలు గుమ్మంలో కాలుపెట్టి పద్దెనిమిదివేల మందిని తరిమేసిందంటారు. ఒకటో తారీఖున మామయ్యగారి ఫోన్‌లో ఇది పెడతాను. ఈలోగా మీరే చెప్పేయండి” అంది.

ఆ రాత్రి సంగతి అనవసరం. పడుకున్నాడు, నిద్రపట్టలేదు, అంతే. యాభై రెండేళ్ళ వయసులో ఉద్యోగం పోతే ఏం చేస్తాడు? పాత డీటీపీ చేతికి ఇప్పుడెవడు పని ఇస్తాడు? ఉద్యోగం నిలుపుకుందామంటే ఒకటో తారీఖు తరవాత కూడా ఏదో ఒక అబద్ధం ఆడాలి. అబద్ధం ఆపకపోతే తొమ్మిదో తారీఖున లేచి నిలబడలేడు. లేవకపోతే మణెమ్మ ఉండనంటోంది. ఎటు తిప్పి చూసినా అంకె అడ్డంగానే ఉంది. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం సాయంత్రం ఆఫీసునించి తిన్నగా చర్చికి వెళ్ళి, తొమ్మిదేళ్ళ తరవాత పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించాడు. ఆ చర్చికి కొత్తగా వచ్చిన విచారణ గురువు కుర్రవాడు. ఈయన సంగతి వీధిలో ఆయనా విని ఉన్నాడు. అందుకని మొహం గంభీరంగా పెట్టుకుని, గుండె దిటవు చేసుకుని కూర్చున్నాడు.

“చెప్పు నాయనా.”

“రోజుకి పద్దెనిమిదివేల నూటపదహారు మంది ఫాదర్. తొమ్మిదేళ్ళనించి.”

గురువు ఉలిక్కిపడ్డాడు. ఆయన సిద్ధపడి వచ్చింది ఒక్కరి గురించి. మొత్తం విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. నవ్వాపుకుంటున్నాడని మధ్యనున్న తెరకి ఇవతల ఉన్న బాలశౌరికి తెలియదు కాబట్టి, ఎంత ఘోరం చేశానో అని వణికిపోయాడు.

“దీనివల్ల ఎవరికైనా హాని జరిగిందా?”

“లేదు ఫాదర్. ఎవరికీ పైసా నష్టం రాలేదు.”

“ఇంట్లో?”

“ఇంట్లో ఆవిడకి సైట్ సంగతులు పట్టవు ఫాదర్.”

గురువు ఏదో అనబోయి ఆగాడు. పాపసంకీర్తనంలో ఎదుటివాడు ఒప్పుకున్న పాపాలకే మందు వెయ్యాలిగానీ, వీధి ఒప్పుకున్నవాటికి కాదు. “వెళ్ళి మీ యజమానికి నిజం చెప్పు. ఇంట్లో ఆవిడకీ చెప్పు. అదే నీకు ప్రాయశ్చిత్తం” అన్నాడు.

జూలై ఒకటి శనివారం. సింధూరి పొద్దున తొమ్మిదికే మామగారి ఫోన్ అడిగి తీసుకుందని తెలిసింది. బాలశౌరి ఆఫీసులో తన కుర్చీలో కూర్చున్నాడు. పదయింది. వేళ్ళు అలవాటుగా ఒకటి, ఎనిమిది నొక్కేశాయి. చెరిపాడు. కొత్త సాధనం చూపించినట్టే నాలుగు, ఒకటి నొక్కాడు. ‘నిన్న మన సైట్‌ని చూసినవారు: 41’. పంపేశాడు. రావుగారు దాన్ని ఎప్పటిలాగే ఒక్క నిమిషంలో ‘ఆత్మీయులు’లోకి తోసేశారు.

బాలశౌరి ఫోన్ బల్ల మీద పెట్టి, దానికి కాస్త దూరంగా జరిగి కూర్చున్నాడు. పగిలేది ఏదైనా ఉంటే ఇప్పుడే పగలాలి.

టింగుమంది. ఒక బావగారి దణ్ణం. ఇంకో టింగు. ‘అభినందనలు బాబాయ్.’ ఇంకోటి. ‘మరిన్ని శిఖరాలు అధిరోహించాలి.’ ఏలూరు వియ్యంకుడు చప్పట్లు పంపాడు. రిటైరైన తహశీల్దారుగారొకరు, ‘రికార్డు బద్దలు!’ అన్నారు. పావుగంటలో ముప్ఫైనాలుగు దణ్ణాలు. నిన్నటిరోజునా ముప్ఫైనాలుగే. మొన్నా అంతే.

బాలశౌరి గ్రూపులో వెనక్కి జరుపుకుంటూ పోయాడు. జూన్, మే, ఏప్రిల్. రెండేళ్ళ కిందట ఒకసారి ఆయనే కంగారులో అంకె లేకుండా ఉత్త వాక్యం పంపేశాడు. ‘నిన్న మన సైట్‌ని చూసినవారు:’, అంతే. దానికీ ముప్ఫైపైనే దణ్ణాలున్నాయి. ‘రికార్డు బద్దలు’ కూడా ఉంది.

ఆయనకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎవరి మీదా రాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే రావుగారికి ఫోన్ చేశాడు.

“ఏంటోయ్?”

“అంకె చూశారా అండీ?”

“చూడకుండానే ఫార్వార్డ్ చేశానా?”

“ఎంతో చెప్పండి.”

“ఎంతైతే ఏముందోయ్! కళ్ళజోడు పైన ఉంది.”

“నలభై ఒకటండీ. నిన్న మొత్తం మీద నలభై ఒక్కమంది. మొన్న కూడా దాదాపు అంతే. తొమ్మిదేళ్ళనించి నేను పంపినవన్నీ అబద్ధాలండి. మీరు నన్ను తీసేసినా సరే, ఇక పంపను.”

అవతల రావుగారు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. బాలశౌరికి ఆ పెద్దాయన మీద జాలివేసింది. తనవల్లేగదా అనిపించింది.

“గ్రూపులో ఎవరైనా ఏమైనా అన్నారా?” అని అడిగారు రావుగారు ఆఖరికి.

“అభినందనలన్నారండి.”

“ఎవరూ కనిపెట్టలా?”

“లేదండి.”

“హమ్మయ్య” అన్నారు రావుగారు. “తియ్యడాలూ పెట్టడాలూ ఎందుకోయ్ ఇప్పుడు? అంకె వద్దంటే మానెయ్. సోమవారంనించి ఏదైనా గులాబీ పువ్వు బొమ్మ పంపు, శుభోదయం అని. ఆదివారాలు నేనే చూసుకుంటాలే.”

ఫోన్ పెట్టేశారు. తొమ్మిదేళ్ళు గుండెలమీద మోసిన బండరాయి ఇంత తేలిగ్గా దొర్లిపోతుందని బాలశౌరి ఊహించలేదు. ఉద్యోగం ఉంది. పరువుంది. ఇక లేచి సత్ప్రసాదం తీసుకోవచ్చు. దారిలో మణెమ్మకి మల్లెపూలు కూడా కొన్నాడు.

ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, ఆవిణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పాడు. అరవైనాలుగుతో మొదలుపెట్టి గులాబీ పువ్వు దాకా. మధ్యలో రెండుసార్లు తనే నవ్వాడు. మణెమ్మ నవ్వలేదు.

“అయితే ఆదివారం బయటికెళ్ళి పంపేది?”

“అంకే.”

“హనుమాన్ జంక్షన్?”

“వార్తల కోసం. ఎందుకు?”

అప్పుడు ఆవిడ చెప్పింది. వీధిలో అన్న ప్రతిమాటా వరసగా చెప్పింది. టైలరింగ్ సంగతి చెప్పింది. ఆయన నెలకోసారి బస్సెక్కిన ప్రతిసారీ ఆ సాయంత్రం దాకా తను గడిపిన రోజుల సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు, వంకాయలప్పటిలా తిట్టలేదు. అది చూసి బాలశౌరికి భయం వేసింది.

“అడగొచ్చుగా నన్ను?” అన్నాడు.

“చెప్పొచ్చుగా మీరు? పెద్ద రహస్యమా ఏమన్నానా? ఒక అంకె! పరాయి మనిషి రావుగారు నొచ్చుకుంటారని ఆయనకి రోజూ నచ్చింది చెప్పారు. నేను నొచ్చుకుంటానని ఒక్కనాడు తోచలేదా?”

ఎవరికీ హాని జరగలేదని గురువు దగ్గర ధైర్యంగా చెప్పొచ్చిన సంగతి గుర్తొచ్చి, బాలశౌరి తల ఎత్తలేకపోయాడు. మల్లెపూలు బల్లమీదే ఉండిపోయాయి.

తొమ్మిదో తారీఖు వచ్చింది. వీధివీధంతా పూజకి వచ్చింది, పాతికేళ్ళ దంపతుల్ని చూడడానికి కొందరు, బాలశౌరి లేస్తాడా లేదా చూడడానికి అందరూ. ముందు బెంచీలో ఇద్దరికీ చోటు వేశారు. మణెమ్మ కొత్త చీర కట్టుకుంది. ప్రసంగం మధ్యలో పది కొట్టింది. బాలశౌరి కదల్లేదు.

సత్ప్రసాదం వేళయింది. గురువు మెట్టు దిగి ముందుకొచ్చి, వీళ్ళిద్దరి వైపూ చూశాడు. బాలశౌరి లేచాడు. గుడిలో గాలి ఒక్కసారి ఆగినట్టయింది. రెండడుగులు వేసి, పక్కన ఎవరూ లేరని తెలిసి వెనక్కి తిరిగాడు. మణెమ్మ బెంచీ మీదే ఉంది.

ఆయన వెనక్కి వచ్చి వంగి, “రా” అన్నాడు మెల్లిగా.

“మనసులో ఇంత కోపం పెట్టుకుని తీసుకోకూడదు. మీరెళ్ళండి. మీరు ఒప్పుకోవడం అయిపోయిందిగా.”

“పోతుందిలే. రా.”

“పోయినప్పుడు వస్తాను.”

వరస కట్టినవాళ్ళు ఆగి చూస్తున్నారు. గురువు చేతిలో గిన్నె పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బాలశౌరి ఒకసారి అటు చూశాడు. తరవాత వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. వెనకవాళ్ళు వాళ్ళని దాటుకుని ముందుకి నడిచారు.

“తొమ్మిదేళ్ళు ఆగారుగా, వెళ్ళకపోయారా?” అంది మణెమ్మ ఆయన వైపు చూడకుండా.

“నీతోనే వెళ్తాను. ఎన్నాళ్ళు పడుతుంది?”

“తెలీదు” అంది మణెమ్మ. “లెక్కపెట్టకండి.”